వారము పేరున వెలసిన అంగళ్ళు

చరిత్ర యనగానే మనకు కోటలు, యుద్ధములు, పట్టాభిషేకములు స్ఫురించును. పాఠశాలలో మనము చదువుకొన్నదియు నదియే. కాని రాజు మారినను, రాజ్యము మారినను, నాణెము మారినను, వారమున కొకనాడు తప్పక జరుగుచు వచ్చినది మన అంగడి. దానికి ప్రాకారము లేదు. పునాదిరాయి లేదు. ప్రారంభోత్సవము చేసినవారి పేరు చెక్కిన ఫలకము లేదు. ప్రొద్దు పొడుచుసరికి వెలసి, దీపములు పెట్టువేళకు మాయమగు ఊరు అది. అందుచేతనే కాబోలు, చరిత్రకారుల దృష్టి దానిపై చాలకాలము పడలేదు. సురవరం ప్రతాపరెడ్డిగారు 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'ను 1949లో వెలువరించి, జనులు తిన్న తిండియు, కట్టిన బట్టయు, ఆడిన ఆటలును చరిత్రయే యని నిరూపించిన పిమ్మట మనకు కొంత ధైర్యము కలిగినది. ఆ ధైర్యముతోనే ఈ రజతోత్సవ సంచికలో అంగడిని గూర్చి నాలుగు పుటలు వ్రాయ సాహసించుచున్నాను.

ముందుగా మాటను గూర్చి చెప్పవలెను. కోస్తా జిల్లాలవారు 'అంగడి' యన్నచో నాలుగు గోడల దుకాణమును తలంతురు. వారమున కొకసారి జరుగుదానిని వారు 'సంత' యందురు. తెలంగాణమున నట్లు కాదు. ఇచ్చట 'అంగడికి పోయి వచ్చితి' నన్నవాడు, సోమారమో బేస్తారమో గంపలు దిగిన మైదానమునకు పోయి వచ్చినాడని యర్థము. దుకాణమును మనము దుకాణమనియే పిలుతుము. ఈ భేదము చిన్నదిగా తోచవచ్చును గాని, ఈ వ్యాసమంతయు దాని చుట్టునే తిరుగును. దుకాణము స్థలమునకు కట్టుబడినది. అంగడి దినమునకు కట్టుబడినది.

దినమునకు కట్టుబడుట యనగా నేమి? ఒక ఊరి అంగడి సోమారమైనచో, రెండు మూడు క్రోసుల దూరముననున్న ఊరిది మంగళారము. ఆ పై యూరిది బుధారము. ఇట్లు ఆరేడు గ్రామములు ఒక దండలోని పూసలవలె వారములో నొక్కొక్క దినమును పంచుకొని యుండును. ఇది యే ప్రభువును శాసించి యేర్పరచినది కాదు. గాజుల మలారము మోయువాడును, ఉప్పు, మిరప, ఎండుచేపలు అమ్మువాడును, కుట్టుపని సంచి భుజమున వేసికొన్న దర్జీయు, అన్ని యూళ్ళకును తిరుగవలెను. రెండు అంగళ్ళు ఒకే నాడు పడినచో నతనికి నష్టము; ఆ రెండు గ్రామములకును నష్టమే. కనుక దినములు తమంతట తామే సర్దుకొన్నవి. ఆదివారమున గురువారపు ఊరివాని సరకు, గురువారమున ఆదివారపు ఊరివాని కబురు చేరుచుండెను. పెండ్లి సంబంధములు, ఎడ్ల బేరములు, చావు కబుర్లు, కోర్టు వాయిదాల ముచ్చట్లు అన్నియు నీ దండవెంబడియే నడచెడివి. వార్తాపత్రిక రాని దినములలో అంగడియే వార్తాపత్రిక.

ఇందులో రైతునకు, కూలికి, ముఖ్యముగా స్త్రీలకు ఒక గొప్ప సౌకర్యముండెను. ఇంటి పెరటిలో కాసిన నాలుగు బీరకాయలు, గంపెడు చింతచిగురు, రెండు కోళ్ళు, ఇన్ని గ్రుడ్లు తెచ్చి నేలపై గోనె పరచి కూర్చుండిన యామెకు దుకాణము అద్దె లేదు. పెట్టుబడి లేదు. ఆ దినమున ఆ నేల యామెది. మరునా డెవరిదియు కాదు. ప్రొద్దుటి బోణీ నుండి సాయంకాలపు తెగనమ్మకము వరకు ఆమెయే యజమాని. కొలచిన పిమ్మట పిడికెడు కొసరు వేయుటయు, వేయకపోవుటయు ఆమె దయ. మన భాషలో 'కొసరు' అను మాటకు సరియైన మాట తక్కిన భాషలలో వెదకుట కష్టము. అది లెక్కలోనిది కాదు. కాని కొసరులేని బేరము బేరమే కాదు.

అంగడి యెంత ప్రాచీనమో చెప్పుటకు కాకతీయుల శాసనములు చాలును. ఆ కాలపు వర్తక సంఘములను 'నకరము' లనియు, 'పెక్కండ్రు' లనియు శాసనములు పేర్కొన్నవి. ఉన్న ఊరివారు స్వదేశి, పరస్థలమునుండి వచ్చువారు పరదేశి, దేశదేశములు తిరుగువారు నానాదేశి. అంగడిలో అమ్మకమగు ధాన్యము, నూనెగింజలు, ఉప్పు, సుగంధద్రవ్యములు మొదలగువానిపై ఇంతింత సుంకమనియు, అందులో ఆలయమున కింతయనియు వర్తకులే కూడి నిర్ణయించి రాతిపై వ్రాయించిరి. మానిక, కుంచము, తూము అను కొలతలు ఆ శాసనములలో కనబడును. మన తాతల ఇండ్లలోను కనబడెను. ఏడు వందల యేండ్లు ఒక కొలపాత్ర పేరు నిలుచుట సామాన్యమైన విషయము కాదు.

కాకతి గణపతిదేవుడు 1244లో సముద్రతీరమందలి మోటుపల్లిలో వేయించిన అభయశాసనము ప్రసిద్ధమైనది. అంతకు పూర్వము తుపానునకు చెదరి తీరమునకు కొట్టుకొని వచ్చిన యోడల సరకును రాజులు హరించెడివారట. గణపతిదేవుడు దానిని మాన్పించి, నియతమైన సుంకము మాత్రమే గైకొని, తక్కినది వర్తకులకే విడుతునని అభయమిచ్చెను. ఆ శతాబ్ది చివర మోటుపల్లిని గూర్చి వ్రాసిన వెనీసు నగరపు యాత్రికుడు మార్కోపోలో, ఇచ్చటి నూలుబట్టల సన్నదనమును సాలెపురుగు గూటితో పోల్చెను. అమ్మువానికి భయము లేనిచోటనే అంగడి నిలుచునని ఆ రాజు గ్రహించినాడు. తరువాత వచ్చిన ప్రభువులలో పలువురు దీనిని గ్రహింపలేదు.

ఆ సన్నని బట్టలు ఎచ్చటి అంగళ్ళకు పోయినవి? ఈ ప్రశ్న మనలను సముద్రము దాటించును. 1605లో డచ్చివారు మచిలీపట్టణమున దిగిరి. వారికి కావలసినవి మిరియాలు, లవంగములు, జాజికాయలు. అవి దొరకునవి జావా, మలుకు ద్వీపములు. కాని ఆ ద్వీపవాసులు డచ్చివారి వెండికన్న తెలుగుదేశపు వస్త్రములను ఎక్కువగా కోరిరి. కావున ముందు మన సాలెవాని మగ్గము నుండి బట్ట కొని, దానిని అచ్చట సుగంధద్రవ్యములతో మార్చుకొనుట వారి వ్యాపార పద్ధతి. మచిలీపట్టణపు అద్దకపు బట్టలు, పాలకొల్లు ప్రాంతపు నేత, ఇవన్నియు ఓడ లెక్కినవి. ఖమ్మము సమీపమందలి నాగులవంచలో సైతము 17వ శతాబ్ది ఉత్తరార్ధమున వారి వర్తకశాల యుండెను. నీలిమందు, వస్త్రములు అచ్చట సేకరించెడివారు. తెలంగాణపు పల్లెటూరి నేతగాడు తానెన్నడును చూడని ద్వీపములోని పెండ్లికూతురికి చీర నేసెననుట అతిశయోక్తి కాదు.

ఆ డచ్చివారు 1619లో జావా ద్వీపమున స్థాపించిన బటావియాయే నేటి జకార్తా మహానగరము. ఆ నగరపు అంగళ్ళ చరిత్ర చదువునప్పుడు మనవానికి ఆశ్చర్యము కలుగక మానదు. అచ్చట అంగడిని 'పసార్' అందురు. మన 'బజారు' ఏ పారశీక పదమునుండి వచ్చినదో అదియు దానినుండియే వచ్చినది. 1735లో యూస్టినస్ వింక్ అను డచ్చి భూస్వామి అనుమతి పొంది నగరము వెలుపల రెండు అంగళ్ళు నెలకొల్పెను. ఒకటి సోమవారపుది. దాని పేరు పసార్ సెనెన్, అనగా సోమవారపు అంగడి. రెండవది తానా అబాంగ్ అను చోటి శనివారపు అంగడి. అది బట్టలకు ప్రసిద్ధి. ఇవిగాక పసార్ రెబో యున్నది, బుధవారపుది. పసార్ జుమాత్, శుక్రవారపుది. పసార్ మింగ్గు, ఆదివారపుది. మన మంగళారపు అంగడి, బేస్తారపు అంగడి అనునట్లే! అంతేకాదు, జావా పల్లెలలో ఏడు దినముల వారముతోపాటు అయిదు దినముల అంగడివారము కూడ కలదు. లెగి, పాహింగ్, పోన్, వాగే, క్లివోన్ అని ఆ దినములకు పేర్లు. అయిదు గ్రామములు అయిదు దినములను పంచుకొనును. మన పల్లెలవారు చేసిన ఏర్పాటే వారును చేసికొనిరి. ఒకరిని చూచి యొకరు నేర్చినది కాదు. కాలినడకన తిరుగు వర్తకునికి, గంప మోయు రైతు స్త్రీకి, ఎచ్చటనైనను తోచు ఉపాయమది.

అయితే నేడు పసార్ సెనెన్‌నకు సోమవారము నాడు మాత్రమే పోవలెనని యెవరైన ననుకొన్నచో పొరబాటు. అది చాలకాలముగా నిత్యపు అంగడి. దినము పోయి పేరు మిగిలినది. హైదరాబాదులో జుమేరాత్ బజారు గలదు గదా. జుమేరాత్ అనగా ఉర్దూలో గురువారము, 'శుక్రవారపు ముందటి రాత్రి' యని దాని వ్యుత్పత్తి. జకార్తాలోని 'జుమాత్'లోను మన 'జుమేరాత్'లోను ఉన్నది ఒకే అరబ్బీ 'జుమా'. వేయి క్రోసులకు పైబడి యెడమున్న రెండు నగరములలో అంగళ్ళు ఒకే మాటను మోయుచున్నవి. నగరము పెరిగినప్పుడు అంగడి దినమును నగరము మ్రింగును. పేరును మాత్రము మ్రింగజాలదు.

ఇక మన ప్రాంతమునకు మరలి వత్తము. రైలు రాకమునుపు ఉప్పు మనకెట్లు వచ్చెడిదో నేటి బాలురకు తెలియదు. బంజారాలు వేల యెడ్లపై పెరికలు వేసి తీరమునుండి తెచ్చెడివారు. తిరుగు ప్రయాణమున ధాన్యము తీసికొని పోయెడివారు. 17వ శతాబ్దిలో గోలకొండ రాజ్యమున తిరిగిన ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే వీరి బిడారులను చూచి, పదివేల యెడ్లు ఒక్కసారి ఎదురైనచో బాటసారి దినముల తరబడి దారి ప్రక్కన నిలువవలసి వచ్చునని వ్రాసినాడు. వీరిలో నొక్కొక్క తెగ ఒక్క సరకునే మోయుననియు, ఒకరిది ధాన్యము, ఒకరిది బియ్యము, ఒకరిది పప్పు, ఒకరిది ఉప్పు అనియు అతడు వ్రాసెను. అదే దారుల వెంబడి మన యుక్కు పోయెను. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున కొలుముల యొద్ద, 19వ శతాబ్ది ఆరంభమునందు సైతము, ఖడ్గములకు వలయు ఉక్కు కొనుటకు పారశీక వర్తకులు స్వయముగా వచ్చి కూర్చుండిరని ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు వాయిసీ వ్రాసియుంచెను. పారశీకమునుండి వచ్చినవాడు ఆ యూరి అంగడిలో ఏమి కొనుక్కొని తినెనో అతడు వ్రాయలేదు; వ్రాసినచో నాకు మిక్కిలి సంతోషమై యుండెడిది.

గోదావరికి ఆవలనున్న అడవులనుండి గోండులు, నాయకపోడులు ఇప్పపువ్వు, కుంకుడుకాయలు, తేనె, మోదుగాకులు తెచ్చి, ఉప్పు, బట్ట, ఇనుప పనిముట్లు కొనిపోవుటయు అంగడి మూలముననే జరిగెను. ఈ మార్పిడిలో ఎవరు లాభపడిరో చెప్పనక్కరలేదు. కొలపాత్ర షావుకారు చేతిలో నుండెను.

నిజాము పాలనలో అంగడికి పట్టిన పీడ వెట్టి. వెట్టి యనగా కూలీలేని చాకిరి యని మాత్రమే చాలమంది యెరుగుదురు. అది వర్తకులను కూడ వదలలేదు. తహసీలుదారో, అమీనో గ్రామమున దిగినచో బియ్యము, నేయి, కట్టెలు, కోళ్ళు ఆ యూరివారు సమకూర్చవలెను. సరకునకు ఇచ్చినంతయే వెల. ఇయ్యకున్న నదియే న్యాయము. 1921లో ఆంధ్ర జనసంఘము పుట్టిన పిమ్మట మాడపాటి హనుమంతరావుగారు మొదలగువారు ఈ దురాచారముపై పట్టుదలతో పనిచేసిరి. వర్తకులకు చట్టములో గల హక్కులను తెలుపుచు 'వర్తక స్వాతంత్ర్యము' అను చిన్న పుస్తకమును ప్రకటించి ఊరూరను పంచిరి. గ్రంథాలయోద్యమమును అంగడియు ఇచ్చట కలిసికొన్నవి. ఆ పుస్తకము చదివినవాడు అధికారిని వెల యడుగ సాహసించెను. మరియొక సంగతి. తెలంగాణమున తొలి తెలుగు గ్రంథాలయమగు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము 1901లో హైదరాబాదులో రావిచెట్టు రంగారావుగారి యింట వెలసినది. అది రెసిడెన్సీ బజారు ప్రాంతము. ఆ బజారు 1933 వరకు బ్రిటిషు రెసిడెంటు అధికారములో నుండుటచే నిజాము ఆంక్షలు అచ్చట అంతగా సాగలేదు. తరువాత నదియే సుల్తాన్ బజారు అయినది. పుస్తకమునకు సైతము నీడనిచ్చినది ఒక బజారే.

కాజీపేట నుండి బల్హార్షా పోవు రైలుమార్గము 1920లలో పూర్తియైనది. రామగుండమున రైలు నిలిచినది. అయినను చాలకాలమువరకు ఇది రాముని గుండముల పేరిట వెలసిన ఒక గ్రామమే. అంగడిని మార్చినది రైలు కాదు, బొగ్గు.

బొగ్గు కథ ఇల్లెందు ప్రాంతమున మొదలైనది. 1871లో భూగర్భశాస్త్రజ్ఞుడు కింగ్ అచ్చట బొగ్గును కనుగొనెను. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ త్రవ్వకపు హక్కులు పొందెను. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ యేర్పడినది. గనులు క్రమముగా కొత్తగూడెము, బెల్లంపల్లి వైపు ప్రాకి, 1960ల ఆరంభమున గోదావరి యొడ్డునకు చేరినవి. నది పేరును గని పేరును కలిపి గోదావరిఖని యను పట్టణము పుట్టినది. తరువాత విద్యుత్కేంద్రములు వచ్చినవి. 1978లో జాతీయ థర్మల్ విద్యుత్ సంస్థ కేంద్రమునకు శంకుస్థాపన జరిగినది. ఎరువుల కర్మాగారము 1980లో ఉత్పత్తి మొదలిడి, 1999లో మూతపడి, 2021లో పునరుద్ధరింపబడినది.

ఈ పట్టణపు అంగడి పుట్టిన కాలము విచిత్రమైనది. హాలీ సిక్కా రూపాయి 1959లో చెల్లుబాటు కోల్పోయినది. అంతవరకు కల్దారు రూపాయలు ఆరునకు హాలీ రూపాయలు ఏడు చొప్పున మార్చుకొనుచు, అణాలు, పైసలు రెండు విధముల లెక్కించుచు మన పెద్దలు పడిన పాట్లు వారే యెరుగుదురు. 1957 ఏప్రిలులో నయాపైసలు వచ్చెను. 1956 నాటి చట్టము ననుసరించి 1960ల ఆరంభమునకు శేరు పోయి కిలో వచ్చినది. సరిగా అప్పుడే గోదావరిఖని వెలసినది. అనగా చుట్టుపట్ల పల్లెల అంగళ్ళు సోల, తవ్వ, మానికలతో పెరిగినవి కాగా, గని అంగడి కిలోతోను, నయాపైసతోను కన్ను తెరచినది. పల్లెనుండి వచ్చిన రైతు స్త్రీ తవ్వతో కొలచి తెచ్చుకొన్న పెసలను కిలోబాటుతో తూచి యమ్మవలసి వచ్చెను. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక యను లెక్క ఆమెకు నోటికి వచ్చును. తరాజు ముల్లు మాత్రము కొత్త. ఆ సందున మారుబేరగాడు ప్రవేశించినాడు. ఊరి పొలిమేరలోనే గంపను మొత్తముగా కొని, పట్టణములో తూచి యమ్మెడి యతని కప్పటినుండి ఎదురు లేకపోయినది.

దీనికన్న పెద్ద మార్పు దినములోనే వచ్చినది. పల్లెల అంగళ్ళు వారమును పంచుకొన్నవని చెప్పితిని. గనికి అట్టి పంపకము లేదు. గనిలో సెలవు ఆదివారము. అందరికి నదే సెలవు. ఒక్క గోదావరిఖనిలోనే కాదు. మందమర్రి, బెల్లంపల్లి, రామకృష్ణాపురము, ఎక్కడ చూచినను ఆదివారమే. మాంసపు కొట్టు ముందు, కూరగాయల గంపల ముందు ఆ నాడు త్రోపులాట. ఒకే దినమున అన్ని చోట్ల అంగడి పడుటచే ఊరూర తిరుగు వర్తకుడు ఏదో యొక చోట స్థిరపడక తప్పలేదు. దండ తెగినది. అటుపై గని యింకొక పండుగను కూడ తెచ్చినది. అది పగారు నాడు. జీతము నగదుగా చేతికి వచ్చెడి దినములలో ఆ సాయంకాలము బజారు జాతరవలె నుండెడిది. మిఠాయి, బట్ట, ఉంగరము, సారా, అన్నిటికి నదే ముహూర్తము. వడ్డీవాడును ఆ దినమునే కనిపెట్టుకొని యుండెను. నెల తుదివరకు ఉద్దెర, పగారు నాడు చెల్లింపు. పల్లెటూరి అంగడిలో కొనువాడు అమ్మువాడును పంటను బట్టి నడచిరి. గని బజారులో ఇరువురును పగారును బట్టి నడచిరి. సంస్థ లాభములలో కార్మికుల కిచ్చు వాటా దసరా ముందు చేతికందిన యేడు లక్ష్మీనగరు, కల్యాణనగరు వీధులలో నడుచుటకే చోటుండదు. మూడు షిఫ్టుల పట్టణము గావున ఆకలికి వేళ లేదు. రెండవ షిఫ్టు దిగి వచ్చువారికై చీకటి పడిన పిమ్మట సైతము చౌరస్తాలో బండ్లపై దీపములు వెలుగును.

కాని పగారును నమ్ముకొన్న అంగడికి పగారు తగ్గినపుడు దిక్కు లేదు. 1990ల ఆరంభమున సింగరేణిలో లక్షకు పైబడిన కార్మికులు నేడు సుమారు 40 వేలు. భూగర్భ గనుల స్థానమున ఉపరితల గనులు వచ్చినవి. యంత్రము పెరిగి చేయి తరిగినది. ఉపరితల గనికి ఊరు లేచినప్పుడు ఇండ్లకు, పొలములకు పరిహారము లెక్కగట్టిరి. ఆ యూరి అంగడికి లెక్కగట్టినవారు లేరు. అది యెవరి పేరను పట్టా యయిన నేల కాదు గదా.

ఇదియే అసలు చిక్కు. దినమునకు కట్టుబడినంతకాలము అంగడికి పట్టా అవసరము లేకపోయెను. దినము పోయి నిత్యపు బజారు కాగానే ప్రతి గజము నేలకును వెల కలిగెను. నేలపై గోనె పరచి కూర్చుండుట పూర్వము వాడుక, ఇప్పుడది ఆక్రమణ. పాత దినములలో తైబజారు వసూలుహక్కును వేలము పాడినవాడు కూర్చున్న ప్రతివానివద్దను పైసలు దండుకొనెను. కాని చీటి యిచ్చినంతవరకు కూర్చుండుటకు హక్కు నొప్పుకొనుటయు నదియే. 1999 జనవరి 26న వెలసిన రైతుబజార్లు మారుబేరగానిని తప్పించి రైతునకు మేలు చేసినవి, అది కాదనరాదు. అయితే గుర్తింపుకార్డుగల రైతునకే అచ్చట చోటు. రెండు బీరకాయలు, గంపెడు చింతచిగురు తెచ్చిన ముసలమ్మ మరల రోడ్డు ప్రక్కనే మిగిలినది.

జకార్తాలోను నిదే గొడవ. అచ్చట వీధివర్తకులను 'అయిదడుగులవా' రందురు. పాదచారుల అయిదడుగుల బాటను బట్టి వచ్చిన పేరని చెప్పుదురు. 2013లో తానా అబాంగ్ వీధులనుండి వారిని ఎత్తి, ఒక భవనములోని అంతస్తులలో చోట్లు చూపిరి. మెట్లెక్కి వచ్చు కొనుగోలుదారు లేక, వారిలో పెక్కురు కొలది కాలమునకే మరల వీధికి దిగిరి. కొనువాడు నడచు త్రోవలోనే అమ్మువాడు కూర్చుండవలెనన్నది పల్లెటూరి గంపలామెకు చెప్పనక్కరలేదు. భవనములు కట్టువారికే చెప్పవలెను.

మన దేశమున 2014లో వీధి విక్రయదారుల చట్టము వచ్చినది. పట్టణములలో సర్వే చేసి విక్రయదారునకు ధ్రువపత్ర మియ్యవలెను. ప్రతి పట్టణమున ఒక విక్రయ సంఘ ముండవలెను. దాని సభ్యులలో నూటికి 40 మందికి తక్కువ కాకుండ విక్రయదారులే యుండవలెను. వారిలో మూడవ వంతు స్త్రీలు. మన గ్రంథాలయ సభ్యులు గమనింపవలసిన మరియొక నియమ మందున్నది. తరతరములుగా కొనువారు, అమ్మువారు తమంతట తాము కూడుకొను చోటిని ఆ చట్టము సహజ మార్కెట్టుగా గుర్తించును. అట్టి చోట 50 సంవత్సరములకు పైబడి వ్యాపారము జరిగియున్నచో, దానిని వారసత్వ మార్కెట్టుగా ప్రకటింపవలెననియు, అచ్చటివారిని తరలింపరాదనియు నియమము.

రామగుండము నేడు నగరపాలక సంస్థ. గనులు వచ్చి అరువది యేండ్లు దాటినవి. ఈ నగరములో యాబది యేండ్ల నాటి అంగడి చోట్లు ఒకటికాదు, పెక్కు ఉండవచ్చును. కాని యాబది యేండ్లయినదని చెప్పునది యెవరు? అంగడికి శిలాఫలకము లేదని మొదటనే వ్రాసితిని. తైబజారు చీటీలు చెదలు తినినవి. ఫలానా చింతచెట్టు క్రింద ఫలానా యేట గంపలు దిగినవని చెప్పగల పెద్దలు ఇంకను మన నడుమ నున్నారు. వారు పది యేండ్లకు పిమ్మట నుండకపోవచ్చును.

కావున పాఠకులకు నా మనవి యిది. మీ వీధిలోని అంగడి ఏ దినమున జరిగెడిదో, ఎవ్వరెవ్వరు ఏ యూళ్ళనుండి యేమి తెచ్చెడివారో, ఏ కొలతతో కొలచెడివారో, ఎన్నిసార్లు చోటు మారినదో, మార్చినవా రెవరో, మీ యింటి పెద్దలను అడిగి, తేదీతో, చెప్పినవారి వ్రేలిముద్రతోనైనను, ఒక కాగితమున వ్రాసి తెండు. పాత చీటి, పాత ఛాయాచిత్రము, పద్దు పుస్తకము ఏది దొరకినను చేర్చుడు. గ్రంథపాలకుని బల్లపై దీనికొరకు వేరుగా నొక దస్తరము తెరువవలసినదిగా కార్యవర్గమును కోరుచున్నాను. ఆదివారము నాడు అంగడి సంచి చేతబట్టుకొని ఇటు వచ్చువారు ఆ కాగితమును కూడ సంచిలో వేసికొని రావచ్చును.